ముఖం చూసి కొన్న రాళ్ళు

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. కాసేపట్లో ఇంకొకరి మీద కోపం తెచ్చుకోబోతున్నాను కాబట్టి, నా వాటా తీసి పక్కన పెడితే మిగిలింది ఎవరిదో తేలిగ్గా తెలుస్తుంది.

హోసూరు బజారులో నాది గాజు అంగడి. కిటికీ పలకలు, అద్దాలు కోసి అమ్మడం, దేవుడి పటాలకూ పెళ్ళి ఫోటోలకూ ఫ్రేములు కట్టడం నా పని. అంటే కోతే నా బతుకు. అంగట్లో గాజు కోసేవాణ్ణి, అంగడి ముందు నలుగురు చేరితే కోతలు కోసేవాణ్ణి. నేను గాజు కోసే కలం కొసన ఉన్నది కూడా వజ్రపు ముక్కే. అలాంటి వాణ్ణి, నా భార్య చెవులకు పద్నాలుగు రవ్వలు కొనేటప్పుడు వాటి కోత ఎలా ఉందో మాత్రం చూడలేదు. ముఖం చూసి కొన్నాను.

డెబ్బైల మొదటి మాట. మా అమ్మ తన కమ్మలు అమ్మి నాకు అంగడి పెట్టించింది. అంగడి కాస్త నిలదొక్కుకోగానే, తన చెవులకు కాకపోయినా పెద్ద కోడలి చెవులకు ఏడు రాళ్ళ కమ్మలు పెట్టి చూసుకోవాలని పట్టుబట్టింది. ముగ్గురం బస్సెక్కి కృష్ణగిరి పోయాం. అక్కడ నగల అంగడి షావుకారు మా వాళ్ళందరికీ నమ్మకమైన మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. పాతికేళ్ళుగా మా చుట్టాల్లో ఎవరి చెవి కుట్టినా అందులోకి బంగారం ఆయన అంగడి నుంచే వచ్చేది.

ఆయన రెండు చిన్న చెక్క పలకలు తెచ్చి మా ముందు పెట్టాడు. ఒక్కో పలక మీద మైనం ముద్ద, ఆ మైనంలో రాళ్ళు గుచ్చి రెండేసి పూలు. నడుమ ఒక రాయి, చుట్టూ ఆరు. కట్టిన తరువాత కమ్మ ఎలా ఉంటుందో కొనేవాళ్ళకు తెలియడానికి అలా చూపించడం అప్పటి పద్ధతి. మొదటి పలక మీది పూలు చిన్నవి. రెండో పలక మీదివి బాగా విచ్చుకున్నవి.

"రెండూ ఒకే తూకమా?" అన్నాను.

"ఒకే తూకం. కావలిస్తే నీ ఎదురుగానే తూస్తాను."

"రంగు?"

"రెండూ తెలుపే. మచ్చ కూడా లేదు, భూతద్దం ఇస్తాను చూసుకో."

"మరి ఇది పెద్దగా కనిపిస్తా ఉందే?"

"కనిపిస్తా ఉంది కద," అన్నాడాయన.

అంతే అన్నాడు. ఎందుకు పెద్దగా కనిపిస్తోందో చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగడానికి బదులు జేబులోంచి గాజు కొలిచే ఉక్కు స్కేలు తీసి మైనం మీద పెట్టాను. విచ్చుకున్న పువ్వు చిన్న పువ్వు కంటే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పెద్దది. ఒకే తూకానికి ఇంత పెద్ద ముఖం! ఇంకేం కావాలి?

షావుకారు నవ్వాడు. "రాళ్ళకు స్కేలు పెట్టిన మొదటి మనిషివి నువ్వేనప్పా. కండ్లుండే మనిషివి."

"మావాడు గాజు పనోడు. వాడి కంటికి తప్పు దొరక్కుండా పోతుందా?" అంది మా అమ్మ.

నా భార్య నా మోచేతిని తట్టి, "ఆ చిన్న పూవే బాగా మెరుస్తా ఉంది, చూడండి," అంది మెల్లగా.

"చిన్నది ఎవరైనా కొంటారు," అన్నాను, ఏదో గొప్ప మాట అన్నట్టు.

ఆ అంగట్లో నాలుగు పెద్ద బల్బులు వెలుగుతున్నాయి. ఆ వెలుతురులో నా కళ్ళజోడు కూడా రవ్వల్లాగే మెరిసి ఉంటుంది. గుమ్మం దగ్గరికి, నీడకు తీసుకుపోయి చూడాలన్న ఊహ రోజంతా వెలుతురుతో పనిచేసే నాకు రాలేదు.

రవ్వలు వెంటనే కట్టించే అలవాటు మాలో లేదు. మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని, పడతాయో లేదో చూడాలి. చెడు కల వచ్చినా, ఎవరికైనా జ్వరం తగిలినా రాళ్ళు తిరిగి అంగడికి పోతాయి. ఏ షావుకారూ కాదనడు. మా రాళ్ళు ఆ మైనం పలక మీదే హోసూరు వచ్చి దేవుడి గూట్లో కూర్చున్నాయి. మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు నా బొటనవేలు గాజుకు తెగింది. అది వారం వారం తెగేదే కనుక లెక్కలోకి రాదని అమ్మ తీర్పు చెప్పింది. మూడో రోజు అత్తిముగం నుంచి మా మామగారు మూటెడు వేరుశనక్కాయలతో దిగారు. శుభం. రాళ్ళు పడ్డాయి.

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. మూడు రోజులు మేం కలలు చూశాం, వేలు చూశాం, వేరుశనక్కాయలు చూశాం. రాయిని మైనంలోంచి తీసి పక్కనుంచి ఎవ్వరం చూడలేదు. దాని ముఖం ఒక్కటే పైకి కనబడుతోంది, మిగిలిందంతా మైనంలో మునిగి ఉంది. మాకు చూపించింది ముఖం, మేం చూసిందీ ముఖం.

కమ్మలు వచ్చాయి. వెనక మూసి, రాళ్ళ అడుగున తళుకు రేకు వేసి కట్టారు. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది బాగానే మెరిశాయి. తరువాత మసక మొదలైంది. వారం వారం తలంటు, నూనె, శీకాయ. ఎంత తుడిచినా ఒక్కో రాయి నడుమ బూడిద రంగు వలయం ఒకటి తేలింది. చచ్చిన చేప కన్ను చూశారా? అచ్చం అలా. పద్నాలుగు చేప కళ్ళు మా ఆవిడ చెవుల్లోంచి అందరినీ చూస్తున్నాయి.

ఒక సీమంతంలో ఎవరో, "ఏమమ్మా, కోడలి కమ్మల్లో గాజు రాళ్ళు పెట్టించినారా?" అని మా అమ్మను అడిగారట. ఆ మర్నాడే మళ్ళీ ముగ్గురం కృష్ణగిరి బస్సులో ఉన్నాం.

షావుకారు కంటికి భూతద్దం బిగించి, కమ్మలు ఇటూ అటూ తిప్పాడు. భూతద్దం తీశాడు. నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"రాళ్ళకేం లేదప్పా. రాళ్ళు రాళ్ళ మాదిరే ఉండాయి," అన్నాడు. తరువాత నా వైపు కాకుండా మా అమ్మ వైపు తిరిగాడు. "కొందరి ఒంటికి పడదమ్మా. ఒంట్లో వేడి ఉంటే రాయి గుడ్డిదైపోతుంది. రవ్వకు అన్నీ తెలుస్తాయి. ఎవరి మీద ఉండాల్నో, ఎవరి మీద ఉండగూడదో."

మా అమ్మ ముఖం మాడిపోయింది. నా భార్య మాత్రం తల ఎత్తింది.

"నా ముక్కు మీద కూడా రాయి ఉందప్పా. మా అవ్వ ఇచ్చింది. అదీ నా ఒంటి మీదే కద ఉండేది? అది గుడ్డిది కాలేదే?"

షావుకారు నవ్వాడు, పిల్లలు ఏదో అంటే పెద్దవాళ్ళు నవ్వినట్టు. "ముక్కు వేరే, చెవి వేరేనమ్మా."

"పెద్దాయన ముందర ఏం మాటలవి?" అంది మా అమ్మ.

నేనా? ఫ్యాను చూస్తున్నాను. ఆ అంగట్లో ఫ్యానుకు మూడు రెక్కలు ఉండేవి, నాకు బాగా గుర్తు. ఆ రోజు నేను గమనించిన విషయం అదొక్కటే. నా భార్య అంత సూటిగా, ఏ వకీలూ అడగలేని ప్రశ్న అడిగితే, దాని వెనక ఒక్క మాట నిలబెట్టలేకపోయాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అంటే పోట్లాడవచ్చు. అనకుండానే పనులు జరిగిపోయాయి. మా చెల్లెలి పెళ్ళిలో పెద్ద కోడలు పట్టవలసిన హారతి పళ్ళెం మా పిన్ని కోడలి చేతికి పోయింది. కొత్త బావికి కొబ్బరికాయ కొట్టేటప్పుడు మా ఆవిడను, "పో, నీళ్ళు తేపో," అని పంపించారు. ముత్తైదువల వరసలో ఆమె స్థానం ఒక్కొక్క మనిషి చొప్పున వెనక్కి జరిగింది. "రవ్వ పడని మనిషి" అన్న మాట ఆమెకంటే ముందే ఇళ్ళలోకి పోయి కూర్చునేది. ఎనిమిదేళ్ళు. కమ్మలు పెట్టెలో పెట్టేసి ఆమె ఉత్త బంగారు దిద్దులు పెట్టుకుంది. నాతో ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను ఎక్కువగా కోసింది. ఆ కోతలో ఆమె నాకంటే నేర్పరి.

ఈ "పడలేదు" అన్న మాట గురించి నా కోపం కాస్త వెళ్ళగక్కుకోనివ్వండి. చెప్పు కరిస్తే చెప్పు చెడ్డదంటాం. అన్నం మాడితే పొయ్యినో వంటనో తిడతాం. మందు పనిచేయకపోతే మాత్రం "మందు పడలేదు", ఇల్లు కురిస్తే "ఇల్లు పడలేదు", రాయి మసకబారితే "రాయి పడలేదు". వస్తువు ఎంత ఖరీదైనదైతే దానికి అంత పరువు, దాని తప్పంతా తగిలించుకున్న మనిషిది. ఆ మనిషి ఆడదైతే మరీ సులువు. ఆ మాటకు సాక్షి అక్కర్లేదు, రుజువు అక్కర్లేదు. అది అమ్మినవాడి నోట్లోంచి వస్తే ఇంకేం, అతని అంగడి తలుపులు అతనే మూసుకుని తాళం మనచేత వేయించినట్టు.

ఎనభైలు వచ్చాయి. హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. జూజువాడి దాకా అద్దె గదుల్లో ఎక్కడెక్కడి వాళ్ళో దిగారు. ఒక సాయంత్రం తిరుచ్చి వైపు నుంచి వచ్చిన ఒకతను తన పెళ్ళి ఫోటోకు ఫ్రేము కావాలని మా అంగడికి వచ్చాడు. నేను గాజు కోస్తుంటే కలం కొస వైపు కన్నార్పకుండా చూస్తున్నాడు. ఫ్యాక్టరీకి రాకముందు పదేళ్ళు రాళ్ళు సానపట్టే పని చేశాడట. అతను అరవంలో చెప్పాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

రాళ్ళ పని అనగానే నా నోరు ఊరుకోలేదు. మా కమ్మల కథ చెప్పాను, వేడి సంగతితో సహా. అతను పకపకా నవ్వాడు.

"వజ్రం సంగతి మీకు తెలియదా అన్నా? ఒంటి వేడికి గుడ్డిదైపోతే దాన్ని మేం నిప్పులు చిమ్మే చక్రం మీద ఎట్లా సానపడతాం? రేపు తీసుకురండి, చూద్దాం."

మర్నాడు నా భార్య తనే కమ్మలు తీసుకుని అంగడికి వచ్చింది. అతను సూదితో ఒక రాయిని ఊడదీశాడు. దాని కింది తళుకు రేకు నల్లగా, తడికి కుళ్ళిన ఆకులా ఉంది. రాయిని కడిగి, తెల్ల కాగితం మీద పక్కకు పడుకోబెట్టాడు.

"ఇది రాయి కాదన్నా. అప్పడం," అన్నాడు.

అప్పుడు చూశాను, దాన్ని కొన్న ఇన్నేళ్ళకు, మొదటిసారి పక్కనుంచి. ముఖం పళ్ళెంలా వెడల్పు, కింద పొట్టే లేదు. నా భార్య ముక్కుపుడక తీసి దాని పక్కన పెట్టింది. అవ్వ ఇచ్చిన రాయి. ముఖం చిన్నదే, కానీ నడుం కింద చక్కగా బొంగరంలా దిగి ఉంది. అంగడి నీడలో, బల్బు లేకుండా, బొంగరం మిణుకుమిణుకుమంటోంది. అప్పడం బూడిద కన్ను తెరుచుకుని చూస్తోంది.

"ఎందుకట్ల?" అన్నాను.

అతను నా చెత్తబుట్టలోంచి రెండు అద్దం పట్టీలు ఏరి, అంచులు కలిపి కాగితం అంటించి, తెరిచిన పుస్తకంలా నిలబెట్టాడు. టార్చి వేశాడు. వెలుతురు ఒక అద్దం మీద పడి, రెండో అద్దానికి దూకి, తిరిగి మా ముఖాల మీదికే వచ్చింది. "రాయి కింది వాలులు ఇట్లా ఉండాలన్నా. పైనుంచి పోయిన వెలుతురు ఒక వాలు మీది నుంచి ఎదుటి వాలుకు పోయి, మళ్ళీ ముఖంలోంచే బయటికి రావాలి. దానికి అద్దం అక్కర్లేదు, వాలు సరిగ్గా ఉంటే రాయే అద్దం." తరువాత పట్టీలను బాగా విప్పాడు. వెలుతురు మా మీదికి రాకుండా ఎక్కడో పై అటక మీద పడింది. "ఇప్పుడు మీ రాళ్ళు ఇట్లా. లోతు తగ్గించి వెడల్పు చేశారు. తూకం అదే, ముఖం పెద్దది. రేకు ఉన్నన్నాళ్ళు రేకే మెరిసింది. రేకు చచ్చింది, రాయి బండారం బయటపడింది. నడుమ కనబడే ఆ వలయం ఏందనుకుంటున్నారు? రాయి నడుం అంచు నీడే, ముఖంలో తిరిగి కనబడుతోంది." పట్టీలు మరీ దగ్గరికి మూశాడు. "మరీ లోతైనా తప్పే. బరువంతా పొట్టలో దాచి, నడుమ నల్లగా చేస్తారు."

"అమ్మినాయనకు ఇది తెలిసుంటుందా?" అంది నా భార్య.

"తెలియకుండా మైనంలో ఎందుకు గుచ్చుతాడమ్మా?" అన్నాడతను.

నా జీవితంలో అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. మోసపోయినందుకు కాదు, అది నా అలవాటే. ఎనిమిదేళ్ళు ఒక మనిషిని వెనక వరసలో నిలబెట్టింది ఒక రాయి కింది వాలు! నాలుగు గీతలంత లోతు లేకపోవడం! అది తెలిసిన పెద్దమనిషి ఒకడు, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఒంటి వేడి అన్నాడు. నేను రోజుకు ఇరవైసార్లు అద్దం వంచి వెలుతురు ఎటు పోతుందో చూసేవాణ్ణి, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.

ఆదివారం నేనొక్కణ్ణే కృష్ణగిరి పోయాను. అంగట్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, మంచిదే అనుకున్నాను. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, అప్పడాన్నీ బొంగరాన్నీ పక్కపక్కన పెట్టాను.

"ఈ రెండూ ఒకే ఒంటి మీదివి, షావుకారూ. దేనికి వేడి తగిలిందో చెప్పండి."

ఆయన చూశాడు. భూతద్దం తీయలేదు, అవసరం లేదని మా ఇద్దరికీ తెలుసు.

"లోపలికి రా అప్పా, మాట్లాడుకుందాం."

"ఈడే మాట్లాడండి."

గొంతు ఇంకా మెత్తబడింది. "నువ్వే కద స్కేలు పెట్టి ఏరుకున్నావు? నేను అబద్ధం చెప్పినానా?"

"కొనేటప్పుడు చెప్పలేదు. ఏడాది తరువాత చెప్పినారు, మా అమ్మకు. రాయి పల్చన అని నాతో చెప్పింటే ఏడ్చుకుంటా పోయుంటాను. నా పెండ్లాం మీద ఎందుకు పెట్టినారు?"

బల్ల దగ్గర ముక్కుపుడక బేరమాడుతున్న ఒకామె తన ముందున్న మైనం పలక వైపు చూసి, "దీన్ని కూడా తీసి పక్కనుంచి చూపించప్పా," అంది. షావుకారు చెమట తుడుచుకున్నాడు.

"సరే, ఏం కావాల్నో చెప్పు."

"మీ అంగడి బిల్లు కాగితం మీద రెండు వరసలు రాసియ్యండి."

రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది, నేను చెప్పిన మాటల్లో ఆయన మార్పులు చేయబోయిన ప్రతిసారీ బల్ల మీది రాళ్ళను వేలితో తట్టాను. "ఏడు రాళ్ళ కమ్మలలోని రాళ్ళు లోతు తక్కువ కోత. మసకబారడానికి కారణం అదే. పెట్టుకున్న మనిషి దోషం ఏమీ లేదు." కింద సంతకం, అంగడి ముద్ర.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గెలిచినవాడిలా బస్సెక్కాను. శూలగిరి దాటాక గుర్తొచ్చింది, రాళ్ళు మార్చి ఇమ్మని అడగనే లేదని. తల మీద చెయ్యి పెట్టుకుంటే పక్కన కూర్చున్న రైతు, "ఏమన్నా మరిచిపోయినావా?" అని అడిగాడు. "పద్నాలుగు," అన్నాను.

ఇంట్లో కాగితం చదివి వినిపించాను. నా భార్య ఒకసారి, "రాళ్ళు?" అంది. నా ముఖం చూసి తనే నవ్వుకుని లోపలికి పోయింది. మా అమ్మ మాత్రం రెండుసార్లు చదివించుకుంది. "మరి నువ్వు ఆ పొద్దే ఎందుకు అడగలేదురా?" అంది. నేను జేబులోంచి స్కేలు తీసి ఆ కాగితం కొలవడం మొదలుపెట్టాను.

తరువాతి నెల మా తమ్ముడి పెళ్ళి. మండపం ముందు మా అమ్మ అందరికీ వినబడేలా, "పెద్ద కోడలా, హారతి పళ్ళెం యాడ పెట్టినావే?" అని కేకేసింది, ఎనిమిదేళ్ళూ ఆ పళ్ళెం ఎక్కడో పడిపోయి ఇప్పుడే వెతుకుతున్నట్టు. మా ఆవిడ వచ్చి తీసుకుంది. ముక్కు మీద అవ్వ రాయి, చెవులకు ఉత్త దిద్దులు. నేను ఫోటో తీయించాను, ఫ్రేము నాదే కదా.

ఇక ఆ కాగితం. దాన్ని మా ఇంట్లో, ముందు గదిలో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి సరిగ్గా పైన తగిలించాను. టేకు ఫ్రేము, మంచి గాజు. నా చేతి పనిలో అంత శ్రద్ధగా కట్టిన పటం ఇంకొకటి లేదు. చుట్టాలు వచ్చేవాళ్ళు, కాఫీ తాగేవాళ్ళు, చదివేవాళ్ళు. వినాయకుడి పటం పక్కన నగల అంగడి బిల్లేమిటని అడిగేవాళ్ళు. మా అమ్మే చెప్పేది.

ఏడాది తిరిగాక షావుకారు తన మనవడి పెళ్ళి పిలుపుకు మా చుట్టాల ఇళ్ళన్నీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చాడు. ఇంట్లో మంచి కుర్చీ అదొక్కటే. కూర్చున్నాడు. పైకి చూశాడు. తన సంతకం తనే గుర్తుపట్టాడు. కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"దాన్ని తీసెయ్యరాదా అప్పా? ఫ్రేముకు ఎంతైందో చెప్పు, ఇచ్చేస్తాను," అన్నాడు.

"ఇది అమ్మేది కాదు షావుకారూ," అన్నాను. "కావాలంటే మీ అంగడికి ఇట్లాంటిదే ఇంకొకటి కట్టిస్తాను. గాజు ఊరికే ఇస్తాను."